కంపెనీలో దుడ్లు నిండుకున్నాయి

ధర్మవరంలో పట్టు, జరీ అమ్మే బదరీనారాయణ శెట్టి అంగట్లో ‘లేదు’ అన్న మాట వినపడదు. ఎర్ర పట్టు అయిపోయిన రోజున వచ్చి అడిగితే మంగళవారం వస్తుందంటాడు. అప్పివ్వడం ఇష్టం లేకపోతే చూద్దామంటాడు. సాయంత్రం అంగడి మూస్తున్నాననడు, కట్టేస్తున్నానంటాడు. దీపం ఆరిపోయిందనడు, కొండెక్కిందంటాడు. ఇంట్లో బియ్యపు డబ్బా ఖాళీ అయితే ఆయన భార్య లలితమ్మ కూడా అయిపోయాయని అనదు, నిండుకున్నాయంటుంది. లక్ష్మి ఉన్న చోట లేదన్న మాట పలికితే ఆమె విని లేచిపోతుందని శెట్టి వాళ్ల నాయన నేర్పిన పద్ధతి. నాయన పోయి ఎన్నో ఏళ్లయింది, పద్ధతి పోలేదు.

ఆయన నేర్పిన పద్ధతి ఇంకొకటి ఉంది. ఆ వీధిలో కూలి మగ్గాలు నేసేవాళ్లు కొందరు, మిగిలిన నాలుగు రూపాయలు తెచ్చి శెట్టి దగ్గరే దాచుకుంటారు. వాళ్లు ఎప్పుడు అడిగితే అప్పుడు సొమ్ము చేతిలో పెట్టాలి, ఎందుకని మాత్రం అడగకూడదు. అడిగామంటే ఇవ్వడానికి మనసు రావడం లేదని అర్థం. ఈ రెండు పద్ధతులనూ పట్టుకుని బదరీనారాయణ అరవై దాటేదాకా మర్యాదగా బతికాడు. చివరికి ఈ రెండూ కలిసి ఒక సంసారం మీదికి వస్తాయని ఆయన కలలో కూడా అనుకోలేదు.

కంపెనీల వాటాల పిచ్చి ఆయనకు బస్సులో అంటుకుంది. పట్టు కొనడానికి బెంగళూరు పోయి వచ్చే దారిలో పొద్దుపోక పేపర్లో వెనక పేజీ చదివేవాడు. తర్వాత తర్వాత కంపెనీలు ఏటా పంపే లెక్కల పుస్తకాలు తెప్పించుకుని, అన్నం తిన్నాక బల్ల మీద పడుకుని చదవడం అలవాటైంది. ఇతరులు సీరియల్ చూసినంత శ్రద్ధగా చదివేవాడు, మధ్యలో తనలో తానే నవ్వుకునేవాడు. ఒకసారి, ఊరంతా ఎగబడి ఒక స్కీములో కట్టినప్పుడు ఈయన ఒక్కడే కట్టలేదు. ఆ స్కీము నడిపినవాళ్లు రాత్రికి రాత్రి బోర్డు పీక్కుని పోయాక, శెట్టి మాటకు విలువ వచ్చింది. అప్పటి నుంచి పొద్దున పట్టు కోసం వచ్చేవాళ్లలో సగంమంది ‘ఫలానా కంపెనీ ఎట్లుండాది సామీ’ అని అడిగే పోయేవాళ్లు.

ఈ ఏడు వాన మొహం చాటేసింది. ముదిగుబ్బ వైపు వేరుశెనగ వేసినవాళ్లు వేసినట్టే దున్నేశారు. కొండల మీద గాలిమరలు మాత్రం పగలూ రాత్రీ తిరుగుతూనే ఉన్నాయి, ఆ గాలి దుమ్మును తెచ్చి ఊళ్లో పోస్తోంది. దానికి తోడు బంగారం ధర. అది పైకి పోయినకొద్దీ జరీ ధర పెరిగింది, జరీ ధర పెరిగినకొద్దీ చీరలు కొనేవాళ్లు తగ్గారు. మగ్గాలు ఒకటొకటిగా ఆగాయి. ఆగిన మగ్గం ముందు కూర్చున్న మనిషి చేతిలో ఏముంటుంది, ఫోన్ ఉంటుంది. తమ పొట్ట కొట్టిన బంగారమే ఆ ఫోన్లో మెరుస్తూ రమ్మని పిలిస్తే జనం పోరా మరి.

పిలిచింది కనకాద్రి గోల్డ్ మైన్స్ అనే కంపెనీ. ఎప్పుడో మూతపడ్డ పాత గనిని వేలంలో పాడుకుని, మళ్లీ తవ్వుతున్నామని చెప్పి వాటాలు అమ్మింది. గని ఉన్నది ఊరికి రెండు గంటల దూరంలోనే. మన గడ్డ, మన బంగారం అన్నారు. శెట్టి అంగడి ఎదురు మిద్దె మీద వాటాల ఆఫీసు నడిపే భరత్‌కుమార్ ఆ పేరుతో ఫోన్లో ఒక గ్రూపు పెట్టాడు. ఈ భరత్‌కుమార్ లలితమ్మకు అన్న కొడుకు. మంచివాడే, కానీ కడుపులో మాట నిలవదు. నోరు మూసుకుంటే కమిషన్ రాదని వాడి నమ్మకం.

ఆ గ్రూపులో అభిప్రాయాలకు కరువు లేదు. బంగారం ధర పెరుగుతుంటే బంగారం తవ్వే కంపెనీ ఎట్లా పడుతుందని రిటైరైన టీచరొకాయన లెక్క చెప్పేవాడు. లాభం రెట్టింపైందని ఇంకొకాయన పుస్తకంలో ఒక పేజీ ఫొటో తీసి పెట్టేవాడు. గని దగ్గర లారీలు క్యూ కట్టాయని మరొకడు వీడియో పెట్టాడు. అవి నీళ్ల ట్యాంకర్లని ఎవరూ అనలేదు, అంటే బాగుండదు కదా.

బదరీనారాయణ కూడా ఆ లెక్కల పుస్తకం తెప్పించి చదివాడు. ఈసారి నవ్వుకోలేదు. కంపెనీ బంగారం అమ్మినట్టు రాసింది, లాభం వచ్చినట్టు రాసింది, కానీ రూపాయి లోపలికి రాలేదు. కొన్నవాడెవడా అని చూస్తే ఓనరు బామ్మర్ది పెట్టిన ఇంకో కంపెనీ. చీరలన్నీ బామ్మర్ది కొట్లో అప్పుకు పడేసి, వ్యాపారం బ్రహ్మాండమని చెప్పుకునే మనుషుల్ని శెట్టి చాలామందిని చూశాడు. ఓనర్లు తమ వాటాలను కూడా బ్యాంకులో కుదువ పెట్టేశారు. జీతాలకే అప్పు తెస్తున్నారు. ఆయన పుస్తకం మూసేశాడు. ఊరికి మంచి రోజులు కావనిపించింది ఆయనకు.

ఓబిలేష్ వచ్చింది ఆ వారంలోనే, దీపాల వేళకు. వాడిది మడకశిర వైపు పల్లె, ఇంట్లో మాట్లాడేది కన్నడం. పెళ్లయ్యాక ధర్మవరం వచ్చి మగ్గం దగ్గరే తెలుగు నేర్చాడు. భార్య త్రివేణిది ముదిగుబ్బ. ఇద్దరూ ఇంకొకరి మగ్గం మీద కూలికి నేస్తూ, సొంత మగ్గం వేసుకోవాలని ఏళ్ల తరబడి కూడబెట్టారు. కూడబెట్టినదంతా శెట్టి దగ్గరే ఉంది. సొంత మగ్గం వస్తే సొంత పట్టు, సొంత చీర, ఎవరి ముందూ చేతులు కట్టుకోవాల్సిన పని లేదు. త్రివేణి ఆ మగ్గం కోసం ఇంట్లో కాళ్లు పెట్టుకునే గుంత కూడా తవ్వించి, పైన చెక్క కప్పి పెట్టుకుంది.

లలితమ్మ అప్పుడే దీపం పెట్టి లోపలికి పోయింది.

“కనకాద్రి కంపెనీలో దుడ్లు ఉండాయా సామీ?” అని అడిగాడు ఓబిలేష్. “గ్రూపులో అందరూ ఒకటే మాట చెప్తాండారు. మీరు పుస్తకం చదివినారంట.”

చప్పున నోటిదాకా వచ్చిన మాటను బదరీనారాయణ దీపం చూసి మింగేశాడు.

“నిండుకున్నాయప్పా,” అన్నాడు.

“నిండుకున్నాయా?”

“ఈ పొద్దు కాదు, ఎప్పుడో నిండుకున్నాయి. రెండేండ్లయినట్టుండాది. పైకి తెలీకుండా నడిపిస్తాండారు.”

“పైకి తెలీకుండా,” అని ఓబిలేష్ మెల్లగా తనకు తాను చెప్పుకున్నాడు. వాడి మొహం వెలిగింది. గండం తప్పిందని సంతోషపడుతున్నాడని శెట్టి అనుకున్నాడు. ఇంతలో జరీ కోసం ఎవరో వచ్చారు, మాట అక్కడితో తెగింది.

మర్నాడు పొద్దున్నే ఓబిలేష్ వచ్చి, “నా దుడ్లు కావల్ల సామీ” అన్నాడు. నేతపని మానేసిన ఒకాయన పాత మగ్గం అమ్మకానికి పెట్టాడని శెట్టికి తెలుసు. దానికే అనుకున్నాడు. ఎందుకని అడగలేదు, అడగకూడదు కదా. సొమ్మంతా తెచ్చి, పసుపు పెట్టి చేతిలో పెట్టాడు. “పది కాలాలు నిలవనీ” అని దీవించాడు కూడా. ఓబిలేష్ ఆ సొమ్ము పట్టుకుని వీధి దాటి ఎదురు మిద్దె మెట్లెక్కడం, శెట్టి లోపలికి తిరిగినందువల్ల చూడలేదు.

ఆ రోజు నుంచి కనకాద్రి ధర పెరగసాగింది. వీధిలో జనం శెట్టిని చూసి నవ్వే తీరు మారింది. టీ కొట్టు పాపన్న డబ్బులు తీసుకోనన్నాడు. ఎవరో తెలియని మనిషి సైకిలు ఆపి నమస్కారం పెట్టాడు. బదరీనారాయణకు అర్థం కాలేదు, అర్థం కాని మర్యాద ఆయనకు భయం. లలితమ్మతో ఆ మాటే అన్నాడు. “మంచి అన్నా మీకు అనుమానమే” అంది ఆమె.

శనివారం సాయంత్రం ఓబిలేష్ మిఠాయి డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి, వద్దంటున్నా కాళ్లకు మొక్కాడు.

“మీ మాట విని బాగుపడతాండాము సామీ. ఇంకొంచెం పెరిగితే ఒకటి కాదు, రెండు మగ్గాలు.”

“ఏం మాట?”

“కనకాద్రి మాట. దుడ్లు నిండుగా ఉండాయని చెప్పినారు కదా. నేనే గ్రూపులో పెట్టినా, మీ పేరు చెప్పి. అందరూ కొన్నారు.”

శెట్టి చేతిలో కొలబద్ద కింద పడింది. తీసుకోవడానికి వంగలేదు.

“నేనన్నది నిండుగా ఉండాయని కాదప్పా. నిండుకున్నాయి అన్నా.”

“అదే కదా సామీ.”

“అది కాదు. నిండుకున్నాయంటే అయిపోయినాయని. ఒక్క రూపాయి లేదని.” అంగట్లో, దీపం ముందే, ఆ మాట అనేశాడు. “ఆ కంపెనీలో ఏమీ లేదు. సోమవారం పొద్దున మార్కెట్టు తెరుస్తానే అమ్మేయి. అంతా అమ్మేయి.”

ఓబిలేష్ మొదట నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి శెట్టి మొహాన్ని పరీక్షగా చూశాడు.

“నిండేది అంటే అయిపోయేదా? యాడైనా ఉండాదా సామీ ఇట్లా?” అన్నాడు. “పెద్దోళ్లు ధర పడగొట్టి తాము కొనేదానికి ఇట్లా చెప్తారని భరతన్న ముందే చెప్పినాడు. మీరు ఆ పని చేయరనుకున్నా.”

మిఠాయి డబ్బా అక్కడే వదిలేసి పోయాడు. అంత మాట పడ్డాక ఇంకొకరైతే నీ ఖర్మ అని ఊరుకునేవారు. బదరీనారాయణకు ఆ పూట అన్నం సహించలేదు. కోపం వాడి మీద రాలేదు, తన మీదా రాలేదు, ఆ మాట మీద వచ్చింది. నాలుగు తరాలు లక్ష్మిని పోగొట్టుకోకుండా వాడిన మాట, ఒక పేదవాడి ఇంటికి పోయి ఇంత పని చేసింది.

ఆదివారం ఆయనే నేతవీధికి పోయాడు. శెట్టి తన గడప తొక్కడం చూసి త్రివేణి కంగారుగా చాప వేసింది. కూలి దారం చుడుతున్న ఓబిలేష్ కూర్చున్న చోటి నుంచి లేవలేదు.

“అమ్మా,” అన్నాడు శెట్టి, “మీ ఇంట్లో బియ్యం నిండుకున్నాయంటే ఏమని?”

“అయిపోయినాయని. తెచ్చుకోవల్లని,” అంది త్రివేణి. “మా అవ్వ అట్లే అంటుండె. ఏం సామీ?”

శెట్టి జరిగింది చెప్పాడు. వింటూ వింటూ త్రివేణి భర్త వైపు తిరిగింది.

“నాతో నిండుగా ఉండాయన్నాడని చెప్తివే. ఆ సామి ఏమన్నాడో అదే మాట చెప్పు.”

ఓబిలేష్ దారం వైపు చూస్తూ, “నిండుకున్నాయి అన్నాడు,” అన్నాడు.

త్రివేణి మగ్గం గుంత మీద కప్పిన చెక్క మీద అట్లాగే కూర్చుండిపోయింది. ఆమెను అట్లా చూశాక ఓబిలేష్ మెత్తబడ్డాడు. సోమవారం అమ్మేస్తానన్నాడు. అసలు చేతికొస్తే చాలు, లాభం వద్దంది త్రివేణి. శెట్టి లేచేటప్పుడు ఆమె మంచినీళ్లు ఇచ్చింది, ఆ నీళ్లు తాగుతుంటే ఆయనకు కొంచెం ప్రాణం కుదుటపడింది.

సోమవారం మార్కెట్ తెరవకముందే కబురు వచ్చింది. కంపెనీ లెక్కలు చూసే ఆడిటర్ రాజీనామా చేశాడు, అప్పిచ్చిన బ్యాంకు నోటీసు పంపింది. వాటా ధర ఒక రోజులో ఇంతకు మించి పడకూడదని మార్కెట్టు ఒక గీత గీస్తుంది. తెరవడం తెరవడమే కనకాద్రి ఆ గీత మీద పడింది. అక్కడ అమ్మేవాళ్లు వేలల్లో వరుస కట్టారు, కొనేవాడు ఒక్కడూ లేడు. ఓబిలేష్ వాటాలు ఆ వరుసలో ఎక్కడో ఉన్నాయి. మంగళవారం కూడా అంతే. ఇంకా కిందికి గీత, ఇంకా పొడుగు వరుస.

గ్రూపులో మాత్రం అభిప్రాయాలు ఆగలేదు. పడినప్పుడే కొనాలన్నాడు టీచరు. ఆడిటర్ని కొన్నారన్నాడు ఇంకొకడు. ఇదంతా తెలిసినవాళ్లు ఆడే ఆట, నాలుగు రోజులు ఓపిక పట్టిన వాళ్లకే బంగారం అన్నాడు మరొకడు. ఎవరూ లెక్కల పుస్తకం తెరవలేదు.

మంగళవారం సాయంత్రం బదరీనారాయణ ఓబిలేష్‌ను పిలిపించాడు. మగ్గానికి సరిపడా సొమ్ము సంచిలో పెట్టి ముందుకు తోశాడు.

“తీసుకో. నా మాటతోనే కదా పోయింది.”

ఓబిలేష్ సంచి ముట్టలేదు. “మీరు మోసం చేసినారని ఒప్పుకుంటాండారా సామీ?” అని అడిగాడు. వెటకారంగా కాదు, నిజంగానే అడిగాడు.

“లేదప్పా.”

“మోసం చేయకుంటే మీ దుడ్లు నాకెందుకు? నేను అడుక్కునేవాడిని కాదు. నా వాటాలు అమ్ముడుపోతే నా దుడ్లు నాకొస్తాయి,” అని లేచిపోయాడు.

పేదవాడి పంతం అంత మంచిది కాదు, అంత చెడ్డదీ కాదు. అది లేకపోతే వాళ్లకు మిగిలేది ఏముంది గనక. శెట్టికి ఆ సంగతి తెలుసు. తెలుసు గనకనే, వాడికి చెప్పకుండా వాడిని ఎట్లా బయట పడేయాలా అని రెండు రోజులు కుమిలిపోయాడు. కొనేవాడు లేకనే కదా వాటాలు అమ్ముడుపోవడం లేదు, తానే కొంటే? ఆ వరుసలో ఓబిలేష్ ముందు ఎందరున్నారో తెలియదు. తాను పెట్టిన సొమ్ము ముందు నిలబడ్డ ముక్కూమొహం తెలియనివాళ్లకే పోవచ్చు. ముప్పై ఏళ్లుగా వాటాలు చదివినవాడికి ఇది తెలియదా, తెలుసు. అయినా ముంపు మీదికి వచ్చినప్పుడు మనిషి చేత్తోనైనా నీళ్లు తోడతాడు. పట్టు కొనడానికి బెంగళూరు తీసుకుపోవాల్సిన సొమ్ము పట్టుకుని గురువారం పొద్దున ఎదురు మిద్దె ఎక్కాడు.

“కనకాద్రి కొనల్ల,” అన్నాడు.

భరత్‌కుమార్ కుర్చీలో వెనక్కి వాలినవాడు ముందుకు వచ్చాడు. “మీరా మామా?”

“నేనే. ఎంతొస్తే అంత. ఈ మాట ఈ గది దాటకూడదు.”

“దాటదు మామా. నాకు తెలీదా?” అన్నాడు భరత్‌కుమార్, అప్పటికే ఫోన్ చేతిలోకి తీసుకుంటూ.

వాటాలు నిమిషంలో వచ్చాయి. ఎవరివో వచ్చాయి. సొమ్ము ఎవరికో పోయింది. ఓబిలేష్ వరుసలో ఉన్నచోటే ఉన్నాడేమో, ఒకడుగు ముందుకు జరిగాడేమో. ఇంకో రెండు రోజులు కొంటే వాడిదాకా అందవచ్చని లెక్కేసుకుంటూ బదరీనారాయణ మెట్లు దిగాడు. లలితమ్మకు ఇంట్లో చెప్పాడు. ఆమె “ఆ పిల్ల మగ్గం నిలబడితే చాలు” అంది.

శుక్రవారం ఉదయం అంగడి తెరిచేసరికి మెట్ల మీద పదిమంది దాకా నిలబడి ఉన్నారు. ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన్ను చూసి, అన్నీ అర్థమైనవాళ్లు నవ్వినట్టు నవ్వారు. ఒకరి తర్వాత ఒకరు ఎదురు మిద్దె వైపు కదిలారు. బయట గాలికి దుమ్ము లేచి వీధి చివర కనపడటం లేదు.

చివరికి, పొద్దెక్కాక, ఓబిలేష్ వచ్చాడు. వారం రోజులుగా వాడి మొహంలో ఉన్న బిగువు సడలిపోయింది. చెప్పులు విప్పి లోపలికి వచ్చి చేతులు జోడించాడు.

“తప్పు మాట అన్నా సామీ, మనసులో పెట్టుకోవద్దు. మీరు కొన్నారంట. భరతన్న గ్రూపులో పెట్టినాడు.”

బదరీనారాయణ బల్ల వెనక నుంచి లేచి వచ్చాడు.

“అమ్మేది ఆపేసినా,” అన్నాడు ఓబిలేష్. “నిన్న రాత్రే ఆపేసినా.”

“నేను నీ కోసరం కొన్నా ఓబిలేషూ.” అన్నాడు శెట్టి. “నీ వాటాలు పోతాయని కొన్నా. అందులో ఏమీ లేదు. ఇప్పుడే పోయి మళ్లీ అమ్మకానికి పెట్టు. నీకు దండం పెడతా.”

అరవై దాటిన శెట్టి నిజంగానే చేతులు జోడించాడు. ఓబిలేష్ ఒకసారి తలుపు వైపు, ఎవరైనా వింటున్నారా అన్నట్టు చూశాడు. తర్వాత దగ్గరికి వచ్చి, గుట్టు తెలిసినవాడిలా గొంతు తగ్గించాడు.

“మీరట్లే అనల్ల సామీ. నాకు అర్థమయితాది. నేను ఎవరికీ చెప్పను.” మొహమాటంగా నవ్వాడు. “పొద్దున ఇంటి పత్రం కుదువ పెట్టి ఇంకొన్ని కొన్నా. త్రివేణికి ఇంకా తెలీదు.”

చెప్పులు వేసుకుని, దుమ్ములోకి, మిగిలినవాళ్ల వెనక ఎదురు మిద్దె వైపు నడిచాడు.